బ్యాంకు వేలంలో ఇల్లు కొన్నాం: పాట ఒక్క పూట, పొజిషన్‌కి నెలలు

బ్యాంకు వేలంలో ఇల్లు బయటి రేటు కంటే పది, ఇరవై లక్షలు తక్కువకి వస్తుందని చాలామంది అంటారు. ఆ తేడాని లాభం కింద రాసుకుంటారు కూడా. నేను మాత్రం దాన్ని కూలి కింద రాసుకున్నాను. ఇంట్లో ఉన్నవాళ్లు ఖాళీ చేసేదాకా ఆగడం, వాళ్లు కేసు వేస్తే ఆ కేసు మోయడం, పాత బకాయిలు కట్టడం, కాగితాల్లో చిక్కులు విప్పుకోవడం, ఇవన్నీ కొన్నవాడి నెత్తిన పడతాయి. వాటికి ముందుగానే ముట్టజెప్పిన కూలి ఆ తేడా. గిట్టుతుందా లేదా అన్నది ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిన లెక్క. మాకు గిట్టింది, కానీ నేననుకున్నంత కాదు.

మేం కొన్నది విజయవాడలో 165 గజాల్లో కట్టిన పాత ఇండిపెండెంట్ ఇల్లు. కింద ఓనరు కుటుంబం, పైన అద్దెకున్నవాళ్లు. ఓనరు వ్యాపారం కోసం క్యాష్ క్రెడిట్ అనే బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు తనఖా పెట్టారు. వ్యాపారం దెబ్బతింది, ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయింది. బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద సెక్షన్ 13(2) నోటీసు ఇచ్చింది. ఆ నోటీసుకి 60 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే 13(4) కింద స్వాధీనం చేసుకోవచ్చు. ఈ చట్టంలో బ్యాంకు అమ్మడానికి కోర్టు డిక్రీ అక్కర్లేదు. అందుకే ఇన్ని ఇళ్లు వేలానికి వస్తున్నాయి. వ్యవసాయ భూమి మాత్రం ఈ చట్టం పరిధిలోకి రాదు. పొలం వేలంలో చవగ్గా వస్తుందేమోనని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

వేలం ప్రకటన పేపర్లో చూశాం. అప్పట్లో ప్రభుత్వ బ్యాంకుల ఆస్తులు ఈబిక్రయ్ పోర్టల్‌లో ఉండేవి. 2025 జనవరిలో బ్యాంక్‌నెట్ అని కొత్తది తెచ్చారు. ఇప్పుడు వెతకాలంటే అందులోనే. మా ఇంటికి అది రెండో వేలం. మొదటిసారి ఎవరూ రాలేదు, రిజర్వ్ ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, తగ్గించి మళ్లీ వేశారు. మొదటి అమ్మకానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత వేలాలకి 15 రోజులు చాలు. అంటే రెండో వేలం ప్రకటన కంట పడేసరికి చేతిలో ఉండేది రెండు వారాలే. ఆ రెండు వారాల్లోనే కాగితాలు చూడాలి, ఇల్లు చూడాలి, డబ్బు సర్దుకోవాలి.

ప్రకటనలో అందరూ ముందు ధర చూస్తారు. మా లాయరు గారు మాత్రం వేలు పెట్టి ఒక్క మాట చూపించారు: సింబాలిక్ పొజిషన్. అంటే బ్యాంకు గోడకి నోటీసు అంటించింది, పేపర్లో వేసింది, అంతే. తాళం ఇంకా ఓనరు దగ్గరే ఉంది, ఓనరు ఇంట్లోనే ఉన్నాడు. అదే ఫిజికల్ పొజిషన్ అని ఉంటే తాళం బ్యాంకు దగ్గర ఉన్నట్టు. “ఫిజికల్ అయ్యుంటే ఈ రేటుకి నీదాకా రాదయ్యా, పోటీ వేరేగా ఉండేది” అన్నారాయన. ఆ తర్వాత నేను చూసిన ప్రకటనల్లో కూడా చాలావరకు ఇదే తీరు. ధర మరీ ఊరిస్తుంటే ఈ ఒక్క మాట ఎక్కడుందో వెతుక్కుంటాను.

“ఎక్కడ ఉన్నది అక్కడే, ఉన్నది ఉన్నట్లుగా” అనే షరతు ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. కొన్నాక గోడ వంకరుందన్నా, పన్ను బాకీ ఉందన్నా బ్యాంకు పలకదు. కాబట్టి పాటకి ముందే మనం వెతుక్కోవాలి. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీల, అప్పుల చిట్టా, ముప్పై ఏళ్లకి తీయించాం. అందులో బ్యాంకు తనఖా ఉంది, అది ఉండేదే. దాని కింద ఇంకో ఎంట్రీ కనబడింది. ఒక ప్రైవేటు అప్పు కేసులో సివిల్ కోర్టు ఇచ్చిన అటాచ్‌మెంట్, అంటే జప్తు. నాకు గుండె జారింది. లాయరు గారు తేదీలు చూసి, తనఖా ముందు, జప్తు తర్వాత కాబట్టి బ్యాంకు హక్కే పైన ఉంటుందన్నారు. తనఖాలు నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో ఇది నమోదై ఉందో లేదో కూడా చూశారు. సర్ఫేసీ చట్టంలో 26ఇ అనే సెక్షన్ 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. సెర్సాయ్‌లో నమోదు చేసుకున్న బ్యాంకు బాకీకి మిగతా అప్పుల కంటే, పన్నుల కంటే కూడా అది ప్రాధాన్యం ఇస్తుంది. “చట్టం మన వైపే ఉంది, కానీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఎంట్రీ కనబడినంతకాలం తిరుగుడు తప్పదు, దానికీ ఓ ధర కట్టుకో” అన్నారు. కట్టుకున్నాను.

లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు, బ్యాంకులోనే ఉన్నాయి. ఈ వేలం చూసే బ్యాంకు అధికారి, ఆథరైజ్డ్ ఆఫీసర్ అంటారు, మంచి మనిషి. కాపీలు ఇవ్వలేనన్నారు గానీ, బ్రాంచిలో కూర్చుని చదువుకోనిచ్చారు. ప్యానల్ లాయరు ఒపీనియన్ కూడా చూపించారు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని ఆన్‌లైన్‌లో చూసుకున్నాం. ప్లాను గ్రౌండ్ ఫ్లోర్‌కే ఉంది, పై అంతస్తు ప్లాను లేకుండా లేపింది. అందుకని పై అంతస్తుకి నా లెక్కలో సున్నా వేశాను. ఇక్కడ నాదొక మొండి అభిప్రాయం ఉంది. బ్యాంకు చేయించిన వాల్యుయేషన్ రిపోర్టు కొనేవాళ్ల కోసం రాసింది కాదు. వీధిలో ఈమధ్య ఏ ఇల్లు ఎంతకి పోయిందో పక్కింటివాళ్లకి తెలిసినంత ఆ రిపోర్టుకి తెలియదు.

ఇల్లు చూసే తేదీ ప్రకటనలో ఉంది. ఆ రోజు బ్యాంకు అబ్బాయి వచ్చి రోడ్డు మీద నిలబడి ఇంటి వైపు చెయ్యి చూపించాడు. లోపలికి తీసుకెళ్లే అధికారం తనకి లేదన్నాడు. సింబాలిక్ అంటే అంతే మరి. నేను, మా బావమరిది ప్రహరీ బయట నుంచే టేపుతో కొలిచాం. పడమర వైపు డాక్యుమెంటులో ఉన్న సందు ఉందో లేదో చూసుకున్నాం. ఇంతలో ఓనరు గేటు దగ్గరికొచ్చారు. యాభై దాటిన మనిషి, లుంగీ మీద చొక్కా వేసుకుని ఉన్నారు.

“మీకు ఈ ఊళ్లో ఇల్లే దొరకలేదా బాబూ?” అన్నారు.

నేనేం చెప్పగలను. “బాబాయిగారూ, మేం కొనకపోతే ఇంకొకళ్లు కొంటారు. ఈలోగా మీరే బ్యాంకుతో సెటిల్ చేసుకుంటే మాకంటే సంతోషించేవాళ్లుండరు” అన్నాను. అబద్ధమేం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆయన నన్ను తిట్టలేదు. మేం కొలవడం చూసి, మోటారు గది కూడా కొలవమన్నారు, అది డాక్యుమెంటులోనే ఉందట. బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే బాకీ తగ్గించుకుని ఒకేసారి కట్టే ఒప్పందం, మాట్లాడుతున్నానని, కుదురుతుందని చెప్పారు. అప్పటికే వేలం ప్రకటన వచ్చేసింది. 2016లో చట్టం సవరించాక, ప్రకటన పడేలోపు మొత్తం బాకీ కడితేనే ఆస్తి విడిపించుకునే హక్కు నిలుస్తుంది. 2023లో సుప్రీంకోర్టు ఆ సంగతే గట్టిగా చెప్పింది. ఆయనకి ఈ విషయం ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పడం నా పని కాదనుకున్నాను గానీ, లాయరుని కలవమని మాత్రం అన్నాను. ఆయన కలిశారు. కలిశాకే డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో, కేసు వేశారు. ఆ మాట అన్నందుకు మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నేనైతే ఇప్పటికీ అదే సలహా ఇస్తాను.

డబ్బు సంగతి. ఇందులో హోమ్ లోన్ మీద భరోసా పెట్టుకోకూడదు. సింబాలిక్ పొజిషన్ ఇంటికి లోను ఇవ్వడానికి మేం అడిగిన బ్యాంకులు వెనకాడాయి. వేలం వేసిన బ్యాంకే ఇవ్వొచ్చు, కానీ పాట గెలిచాక డబ్బు కట్టే 15 రోజుల్లో శాంక్షన్ అయి చేతికి రావాలి. ఆ హామీ ఎవరూ రాసివ్వరు. ఊళ్లో ఉన్న స్థలం అంతకుముందే అమ్మాం కాబట్టి చాలావరకు చేతిలో ఉంది. మిగతాది బంగారం మీద తెచ్చాం.

రిజర్వ్ ధర 68 లక్షలు. అందులో పది శాతం, 6 లక్షల 80 వేలు, ఈఎండీ, అంటే పాటకి ముందు కట్టే ధరావతు, కట్టి కేవైసీ ఇస్తే పాటకి లాగిన్ వచ్చింది. పాట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోవడమే. ఒక్కో పెంపు 50 వేలు. అవతల ఇంకొకరున్నారు, పేరు కనబడదు, అంకె మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే సమయం దానంతటదే పెరిగిపోతుంది. అందుకని గడియారం చూసి ఆఖరి క్షణంలో కొట్టేద్దామనే తెలివి ఇక్కడ చెల్లదు. మా పైహద్దు 75 అని ముందు రోజే కాగితం మీద రాసి ఆవిడ చేతికిచ్చాను. దాటితే కంప్యూటరు ఆపేసే అధికారం ఆవిడదే. 72 లక్షల 50 వేల దగ్గర అవతలివాళ్లు ఆగిపోయారు.

అసలు ఒత్తిడి అప్పుడు మొదలైంది. పాడిన మొత్తంలో 25 శాతం అదే రోజు, లేదా మర్నాటి పని దినం లోపు కట్టాలి. 18,12,500లో ఈఎండీ పోను 11,32,500 రూపాయలు ఆర్‌టీజీఎస్ చేశాం. మిగిలిన 75 శాతం, అంటే 54,37,500, అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. కట్టలేకపోతే ముందు కట్టిన పాతిక శాతం మొత్తం జప్తు. నష్టం ఎంతైతే అంతే పట్టుకోండి అంటే కుదరదు. పూర్తిగా పోవాల్సిందేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. రెండు వైపులా రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచుకోవచ్చు, అదీ మూడు నెలలు దాటకుండా.

ఈ 15 రోజుల మధ్యలోనే ఓనరు తరఫున విశాఖపట్నం డీఆర్‌టీలో సెక్షన్ 17 కింద దరఖాస్తు పడింది. వేలం రద్దు చేయాలని, నోటీసు సరిగ్గా అందలేదని. స్టే అడిగారు. మాకు నిద్ర లేదు. మిగతా డబ్బు కట్టేస్తే, రేపు వేలం రద్దయితే ఆ డబ్బు వెనక్కి రావడానికి ఎంతకాలం పడుతుందో ఎవరికీ తెలియదు. కట్టకపోతే ఉన్నది పోతుంది. లాయరు గారు రెండు పనులు చేశారు. గడువు పొడిగించమని బ్యాంకుకి ముందే లెటరు పెట్టించారు, కేసులో మమ్మల్ని కూడా పార్టీగా చేర్పించారు. కొన్నవాడు కేసులో లేకపోతే అవతలి ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో మనకి తెలియదన్నది ఆయన వాదన. ట్రిబ్యునల్ షరతుతో స్టే ఇచ్చింది: బాకీలో కొంత భాగం గడువులోగా జమ చేస్తేనే స్టే నిలుస్తుంది. ఓనరు జమ చేయలేకపోయారు. స్టే పోయింది. కేసు మాత్రం పోలేదు. మేం పొడిగించిన గడువులోనే మిగతాది కట్టేశాం.

ఇక్కడ టీడీఎస్ మాట ఒకటి. 50 లక్షలు, ఆ పైన ఉన్న ఆస్తికి కొనేవాడే అమ్మేవాళ్ల ఆదాయపు పన్ను కింద ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలి. మాకది 72,500. పాన్ ఎవరిది వెయ్యాలి? డబ్బు కట్టేది బ్యాంకుకే అయినా, ఆస్తి ఓనరుది కాబట్టి ఓనరు పానే వేయమన్నారు. ఆ నంబరు బ్యాంకు నుంచే తీసుకోవాలి. ఇచ్చేదాకా వెంటపడాల్సి వచ్చింది.

బ్యాంకు మాకు అమ్మినట్టు ఇచ్చే సేల్ సర్టిఫికెట్ వచ్చింది. తాళం రాలేదు. వేలం అయిపోయింది కదా, ఇంక బ్యాంకుకి ఏం పట్టిందని అందరూ భయపెట్టారు. కానీ సర్టిఫికెట్ ఇచ్చేసినా, పొజిషన్ అప్పజెప్పేదాకా సెక్షన్ 14 కింద ఇల్లు స్వాధీనం చేయించమని అడిగే హక్కు బ్యాంకుకి ఉంటుంది. 2018లో సుప్రీంకోర్టు చెప్పిందది. ఆ దరఖాస్తు కలెక్టరు దగ్గరైనా వేయొచ్చు, చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేట్ కోర్టులోనైనా వేయొచ్చు. మా బ్యాంకు కోర్టుకే వెళ్లింది. 30 రోజుల్లో తేల్చాలి, కారణాలు రాస్తే 60 దాకా వెళ్లొచ్చని చట్టంలో ఉంది. కానీ గడువు దాటినంత మాత్రాన అధికారం పోదని 2020లో తీర్పు వచ్చింది కాబట్టి, ఆ 60ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని కూర్చోవడం వృథా. మాకు చాలా నెలలు పట్టింది. ఈ నెలలన్నీ మేం అద్దె ఇల్లు, బంగారం మీద వడ్డీ రెండూ కట్టాం. ముందు చెప్పిన కూలి లెక్కలో పెద్ద పద్దు ఇదే.

ఈలోగా పైన అద్దెకున్న కుర్రాడితో మాట్లాడాను. చిన్న ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రిజిస్టరు చేసిన లీజు లేదు, ఓనరుకి మాత్రం అడ్వాన్సు ఇచ్చాడు. ఆ అడ్వాన్సు తిరిగి వచ్చేలా లేదని అతనికీ తెలుసు. “అన్నా, ఖాళీ చేస్తాను, నా అడ్వాన్సు సంగతి చూడండి” అన్నాడు. చట్టప్రకారం నేనివ్వాల్సింది ఏమీ లేదు. అయినా ఇచ్చాను, ఖాళీ చేస్తున్నట్టు కాగితం రాయించుకుని, బ్యాంకు మేనేజరుకి చెప్పి మరీ. అందులో దానగుణం సగమే. మిగతా సగం, అతను కూడా ఇంకో కేసు వేస్తే ఎంతవుతుందన్న లెక్క. ఓనరుకీ సామాను తరలింపు ఖర్చు ఇస్తానన్నాను. ఆయన వద్దన్నారు. “నీ దగ్గర తీసుకుంటే ఒప్పుకున్నట్టు బాబూ” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ పోలీసుల్ని తీసుకుని వచ్చే రోజుకి ఓనరు కుటుంబం ముందురోజు రాత్రే వెళ్లిపోయింది. కమిషనర్ తాళం తీయించి, గదుల వారీగా మిగిలిన సామాను జాబితా రాయించి, పంచనామా మీద సంతకాలు తీసుకుని ఇంటిని బ్యాంకుకి అప్పజెప్పారు. బ్యాంకు అక్కడికక్కడే మాకు ఇచ్చింది. మోటారు లేదు, ఫ్యాన్లు లేవు, వంటింట్లో కుళాయిలు కూడా విప్పేశారు. మోటారు గది మాత్రం కొలతల ప్రకారమే ఉంది.

తర్వాత బకాయిలు. ఇంటి పన్ను, నీటి పన్ను ఏళ్ల తరబడి కట్టలేదు. కరెంటు మీటరు బకాయి మీద డిస్కనెక్ట్ అయి ఉంది. పాత ఓనరు బాకీ మాకేంటని వాదించేవాళ్లు చాలామంది ఉంటారు. 2023 మేలో సుప్రీంకోర్టు, నిబంధనల్లో ఉంటే పాత బాకీ కట్టమని కొత్త ఓనరుని అడగొచ్చని, అది కట్టాకే కనెక్షన్ ఇవ్వొచ్చని చెప్పింది. వాదించకుండా కట్టేశాం. అన్నీ కలిపి లక్షన్నర దాటింది.

ఇక రిజిస్ట్రేషన్. సేల్ సర్టిఫికెట్ మీద స్టాంప్ డ్యూటీ, ఫీజులు మనవే. నేను భయపడ్డ అటాచ్‌మెంట్ ఎంట్రీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడ్డు తగిలింది. బ్యాంకు లెటరు చాలదు, ఎత్తేసినట్టు కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. ఆ సివిల్ కోర్టులోనే పిటిషన్ వేసి, తనఖా ముందుదని డాక్యుమెంట్లు చూపించి, జప్తు ఎత్తివేయించుకోవాల్సి వచ్చింది. చట్టం మన వైపు ఉండటం ఒకటి, ఆ సంగతి ఒక్కో టేబుల్ దగ్గరా విడివిడిగా ఒప్పించడం ఇంకొకటి. ఆర్డరు వచ్చాక రిజిస్ట్రేషన్ ఒక్క పూటలో అయింది. మ్యుటేషన్ (ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పు), మీటరు పేరు మార్పు వెనకే అయ్యాయి.

లాయరు ఫీజులు, బకాయిలు, వడ్డీ, అద్దె, రిపేర్లు, కుర్రాడికిచ్చిన అడ్వాన్సు అన్నీ కలిపితే ఇల్లు మాకు 85 లక్షల దగ్గర పడింది. ఆ వీధిలో అలాంటి ఇల్లు ఖాళీగా, కాగితాలు సరిగ్గా ఉంటే 95 దాకా పలుకుతోంది. అంటే రిజర్వ్ ధర చూసి అందరూ వేసే 27 లక్షల్లో మాకు మిగిలింది పది. అదీ అమ్మితేనే. ఇప్పుడప్పుడే అమ్మలేం కూడా, ఎందుకంటే డీఆర్‌టీలో పాత ఓనరు వేసిన దరఖాస్తు ఇంకా విచారణలోనే ఉంది. పోయిన వాయిదాకి అవతలి లాయరు రాలేదు. వచ్చే వాయిదాకి మా తరఫున పంచనామా కాపీ, పన్ను రశీదులు జత చేసి మెమో వేయాలి.